పిన్ని ఇచ్చిన సెంటుసీసా

బుజ్జమ్మకు ఆ సెంటుసీసా ఇచ్చింది వాళ్ళ పిన్ని. పిన్ని ఉద్యోగమంతా విమానాశ్రయంలో సెంట్ల కౌంటరు వెనకే గడిచింది. విమానం కోసం ఎదురుచూస్తూ తోచక తిరిగేవాళ్ళ మణికట్టు మీద ఇంత చల్లి, ఇప్పుడే వాసన చూడకండి, కాస్త ఆగండి అని చెప్పడం ఆవిడ పని. రిటైరైన రోజున దుకాణంవాళ్ళు ఏం కావాలో తీసుకోమన్నారు. ఆవిడ అడుగు అరలో మిగిలిపోయిన ఒకే ఒక్క సీసా తీసుకుని, తిన్నగా అక్కకూతురి ఇంటికి వచ్చింది.

తేనెరంగు సెంటు. సీసా నడుం మీద పువ్వు చెక్కి ఉంటుంది. పూసుకోగానే నారింజ తొక్క విరిచినట్టుండే వాసన, కాసేపటికి పూలబుట్ట మీద తడిగుడ్డ తీసినట్టయ్యేది. సాయంత్రానికి కొత్త చెక్కపెట్టె తెరిచినట్టుగా మిగిలేది.

"దీన్ని చెయ్యడం మానేశారే. ఇక ఎక్కడా దొరకదు. చూసి వాడుకో" అంది పిన్ని.

ఆ ఒక్కమాటతో బుజ్జమ్మకు సీసా మీద ఎక్కడలేని భక్తి పుట్టుకొచ్చింది. ఎలా దాచాలో, ఎలా పూసుకుంటే ఎక్కువ కాలం వస్తుందో చెప్పమని పిన్నిని కూర్చోబెట్టింది. పిన్నికి కావలసింది అదే. సెంటుకు ఎండ పడదు, వేడి పడదు, గాలి అసలే పడదంది. స్నానాలగదిలో పెడితే ఆవిరికి, అద్దం ముందు పెడితే వెలుతురుకి చెడుతుంది కాబట్టి అట్టపెట్టెలోనే ఉంచి బీరువాలో బట్టల మధ్య పెట్టమంది. మూత ఊరికే తీసి వాసన చూస్తూ కూర్చోవద్దంది. గాల్లోకి చల్లి అందులోంచి నడిచి వెళ్ళడం సినిమాలకే బాగుంటుందనీ, మనలాంటివాళ్ళం అలా చేస్తే సగం సెంటు గచ్చుకే పోతుందనీ చెప్పింది. స్నానం చేశాక ఒళ్ళు పూర్తిగా ఆరకముందే కాస్త వేజలీను రాసి, దాని మీద ఒక్క చుక్క అద్దుకుంటే చాలు, అంటిపెట్టుకుని ఉంటుంది. రెండు మణికట్లూ కలిపి రుద్దకూడదు. లేదా దువ్వెన మీద ఒక్కసారి చల్లి తల దువ్వుకుంటే, మనిషి వెళ్ళిపోయాక కూడా వాసన కాసేపు గదిలో కూర్చుని వెళుతుంది.

బుజ్జమ్మ ఒక్కటీ తప్పకుండా పాటించింది. ఆమె పని చేసేది కళ్ళజోళ్ళ దుకాణంలో. వచ్చినవాళ్ళను ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, ఫ్రేము ముక్కు మీద సరిగ్గా నిలిచిందో లేదో చూసి, చెవుల వెనక ఎక్కడ నొక్కుతోందో వేలితో తడిమి, కాడలు వెచ్చబెట్టి వంచి ఇవ్వాలి. పొద్దస్తమానం ఎవరో ఒకరి మొహం దగ్గర మొహం పెట్టే ఉద్యోగం. ఎవరు సిగరెట్ తాగి వచ్చారో, ఎవరు పళ్ళు తోముకోకుండా వచ్చారో ముందుగా తెలిసేది ఆమె ముక్కుకే. ఎదుటివాళ్ళ సంగతి ఎలా ఉన్నా తన దగ్గర మాత్రం మంచి వాసన రావాలని ఆమె పట్టుదల. అలాగని రోజూ పూసుకోలేదు. వారానికొకసారి, మనసు మరీ లాగిన రోజున, ఒక్క చుక్క.

అయినా సీసాలో సెంటు తగ్గిపోతూనే ఉంది.

మొన్నమొన్నటిదాకా పువ్వు పైరేకును తాకుతూ ఉన్నది, చూస్తుండగానే పువ్వు నడిమికి దిగింది. వేడికి ఆవిరైపోతోందేమోనని బుజ్జమ్మ పెట్టెను పై అరలోంచి అడుగు అరకి మార్చింది. అదీ లాభం లేకపోతే ఫ్రిజ్‌లో కూరగాయల కింద దాచింది. కొత్తిమీర పెళ్ళికూతురి వాసన వేస్తోందని అత్తగారు నవ్వడంతో మళ్ళీ బీరువాలోకే తెచ్చింది. చివరికి అత్తగారి మీదే అనుమానం వచ్చి, అటూ ఇటూ తిప్పి అడిగింది. ఆవిడకు కోపం రాలేదు.

"నాకెందుకే సెంటు? నా మోకాళ్ళ నూనె వాసనే వీధి మలుపుదాకా ముందు నడుస్తుంది" అంది.

నిజానికి సెంటు తీస్తున్నది బుజ్జమ్మ మొగుడు.

అతనికి ఆ వీధిలోనే రెండు కుర్చీల సెలూన్ ఉంది. అందరూ కత్తెరాయన అంటారు. చేతివాటం మంచిది, మాట ఇంకా మంచిది. ఎవరి తలలో ఏ వైపు సుడి ఉందో చూడకుండా చెప్పగలడు. అయితే ఈమధ్య మలుపులో అద్దాల తలుపులతో, చల్లగాలి మిషనుతో కొత్త సెలూన్ ఒకటి వెలిసింది. అక్కడ గడ్డం గీశాక మొహానికి వేడి తువ్వాలు చుడతారనీ, అందులోంచి కమ్మటి వాసన వస్తుందనీ ఒక పాత ఖాతాదారు కత్తెరాయన కుర్చీలోనే కూర్చుని మురిసిపోతూ చెప్పాడు. ఆ తర్వాత ఆయనా అటే వెళ్ళిపోయాడు. కత్తెరాయనకు ఒంటికి కారం రాసుకున్నట్టయింది. వేడినీళ్ళకేం తక్కువ, తువ్వాళ్ళకేం తక్కువ? తక్కువైంది వాసన ఒక్కటే. ఆ వాసన ఇంట్లో బీరువాలో ఊరికే పడి ఉంది.

పొద్దున బుజ్జమ్మ స్నానానికి వెళ్ళగానే, ఖాళీ దగ్గుమందు సీసాలోకి రెండు పిచికారీలు కొట్టుకునేవాడు. దుకాణంలో ఆ చుక్కల్ని బేసిన్‌లో వేడినీళ్ళలో కలిపి, తువ్వాళ్ళు ముంచి పిండి, గీసిన గడ్డాల మీద చుట్టేవాడు. ఖాతాదార్లు కళ్ళు మూసుకుని అలాగే ఉండిపోయేవారు. ఇదేం లోషనని అడిగితే, ఫారిన్ సరుకు, మాటల్లో చెప్పలేనని ముసిముసిగా నవ్వేవాడు. మొదటి రోజు కాస్త గిల్టీగా అనిపించింది. బుజ్జమ్మ ఎలాగూ వాడకుండా దాచుకుంటోంది కదా, దాచిన సెంటుకూ లేని సెంటుకూ తేడా ఏముందని సర్ది చెప్పుకున్నాక, ఆ గిల్టీ ఫీలింగు కూడా ఆవిరైపోయింది.

అతను ఆలోచించనిది ఒక్కటే. అది ఆడవాళ్ళ సెంటు.

ఆ వీధిలో మగవాళ్ళు ఒక్కొక్కరే నున్నటి బుగ్గలతో, పరాయి ఆడదాని వాసనతో ఇళ్ళకు చేరడం మొదలైంది. ఏ ఇల్లాలూ పక్కింటావిడకు చెప్పలేదు. ప్రతి ఒక్కరూ ఆ నిప్పు తన ఇంట్లోనే పడిందనుకుని నోరు కట్టేసుకున్నారు. కొందరు చొక్కాలు వాసన చూశారు. కొందరు అన్నం మాత్రం వడ్డించి మాట్లాడటం మానేశారు. ఎందుకలా ఉన్నావని అడిగిన మగవాళ్ళకు, మీకు తెలియదా అన్న జవాబే వచ్చింది. నిజంగానే వాళ్ళకేం తెలియదు.

ఆ రోజు కళ్ళజోళ్ళ దుకాణానికి పోస్ట్‌మాన్ భార్య వచ్చింది. దగ్గర చూపు తగ్గిందని కొత్త అద్దాలు చేయించుకుంది. బుజ్జమ్మ ఆ పొద్దున మనసు లాగి ఒక చుక్క పూసుకుని ఉంది. ఫ్రేము పెట్టి, చెవి వెనక కాడ సర్దడానికి వంగింది. పోస్ట్‌మాన్ భార్య ఒక్కసారిగా బిగుసుకుపోయింది. కొత్త కళ్ళజోడులోంచి బుజ్జమ్మను కిందినుంచి పైకి, పైనుంచి కిందికి చూసింది.

"ఈ వాసన నాకు తెలుసు" అంది.

బుజ్జమ్మ సంతోషపడింది. ఇది ఎక్కడా దొరకదనీ, మీకెలా తెలుసనీ అడిగింది.

"ఎక్కడా దొరకదా? మా ఇంట్లో వారానికి రెండుసార్లు దొరుకుతోంది. మా ఆయన మొహం మీద."

పక్కన లెన్సు తుడుస్తున్న యజమాని తుడవడం ఆపేశాడు. పోస్ట్‌మాన్‌ను ఆమె చూసిందే ఏడాదిలో నాలుగైదుసార్లు, అదీ ఉత్తరం అందుకుంటూ. ఆ మాటే చెబితే, ఎవరైనా అలాగే చెబుతారు అంది పోస్ట్‌మాన్ భార్య. ఆవిడ గొంతు గట్టిగానే ఉంది గానీ కళ్ళలో నీళ్ళు తిరిగి అద్దాలకు ఆవిరి పట్టింది. బుజ్జమ్మ ఆ కళ్ళజోడు తీసి మెత్తటి గుడ్డతో తుడుస్తూ ఆలోచించింది. తన సెంటు, మొహం మీద, వారానికి రెండుసార్లు. సీసాలో తగ్గిన సెంటు ఎటు పోయిందో కొద్దికొద్దిగా కనబడసాగింది.

ఆ వాసన వచ్చిన రోజుల్లో ఆయన గడ్డం గీయించుకున్నారా అని మెల్లగా అడిగింది.

"అదే కదమ్మా నా బాధ. గడ్డం నున్నగా గీయించుకుని మరీ వస్తున్నాడు. ఎవరి కోసమో అనుకోనా?"

"ఎక్కడ గీయించుకుంటారు?"

"ఇంకెక్కడ, మీ ఆయన దగ్గరే."

చెప్పిన మాట చెవిన పడ్డాక పోస్ట్‌మాన్ భార్య కూడా ఆగిపోయింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మధ్యాహ్నం బుజ్జమ్మ అరపూట సెలవడిగి, ఆవిడను వెంటబెట్టుకుని సెలూన్ ముందునుంచి నడిచింది. లోపలికి వెళ్ళనక్కర్లేకపోయింది. బయట తీగ మీద ఆరేసిన తువ్వాళ్ళు గాలికి ఊగుతూ వీధంతటికీ సంగతి చెబుతున్నాయి. పోస్ట్‌మాన్ భార్య ఒక తువ్వాలు ముక్కు దగ్గర పెట్టుకుని, ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ కలిపి చేసింది. పాపం ఆయనకు వారం నుంచి చారునీళ్ళు తప్ప మరేం పెట్టడం లేదట.

ఇంటికి వచ్చి బుజ్జమ్మ అత్తగారికి మొత్తం చెప్పింది. అప్పటికప్పుడు వెళ్ళి కడిగేద్దామని ఆమె తొందర. అత్తగారు ఆపింది.

"అడిగితే ఏముంది? తప్పయిపోయిందే అంటాడు, పళ్ళికిలిస్తాడు, నువ్వు కరిగిపోతావు. చిన్నప్పటినుంచీ వాడికదే విద్య. వాడంతట వాడే వచ్చి చెప్పేలా చెయ్యాలి."

వంటింటి అరలో కేకుల్లో వేసే వెనీలా ఎసెన్సు సీసా ఉంది. రంగు చూస్తే అచ్చం తేనెరంగే. అత్తాకోడళ్ళిద్దరూ తలుపు గడియ పెట్టుకుని పనిలో దిగారు. మిగిలిన సెంటును పిన్ని చెప్పినట్టే, లోపల గాలి మిగలకుండా అంచుదాకా వచ్చే చిన్న నల్లసీసాలోకి మార్చి మూత బిగించారు. పువ్వు సీసాను కడిగి, ఎసెన్సులో ఇన్ని నీళ్ళు కలిపి, పువ్వు నడిమిదాకా నింపి మళ్ళీ బీరువాలో పెట్టారు. అట్టపెట్టె కూడా ముందెలా ఉందో అలాగే కాస్త పక్కకు తిప్పి పెట్టింది అత్తగారు. పోస్ట్‌మాన్ భార్యకు కబురు వెళ్ళింది. ఇంకెవరికీ చెప్పవద్దని అనుకున్నారు.

మర్నాడు కత్తెరాయనకు జలుబు. రెండు పిచికారీలు తీసుకుని వెళ్ళి బేసిన్‌లో కలిపాడు. మూసుకుపోయిన ముక్కుకు ఏదో తియ్యటి వాసన తగిలీ తగలనట్టు తగిలింది గానీ, ఎదురుగా బేకరీ ఉంది కాబట్టి అక్కడినుంచే అనుకున్నాడు. కుర్చీలో ఉన్న హెడ్మాస్టరుగారు కూడా అలాగే అనుకున్నాడు. అనుకుని గుటకలు కూడా మింగాడు.

హెడ్మాస్టరుగారికి షుగరు. ఆయన భార్య ఇంట్లో పంచదార డబ్బాకు తాళం వేసి, తాళంచెవి మెడలో వేసుకుని తిరిగే మనిషి. ఆ సాయంత్రం ఆయన గుమ్మంలో కాలు పెట్టగానే ఆవిడ ఒక్కడుగు ముందుకు వేసి, గాలి పీల్చి, కేకు తిన్నారా అని అడిగింది. ఆ రోజు ఆయన నిజంగా ఏమీ తినలేదు. అయినా ఇన్నాళ్ళకు దొరికిపోయానన్న కంగారులో, కుర్చీలో కూలబడి మొత్తం చెప్పేశాడు. బడి వదిలాక రోజూ బేకరీ వెనక గుమ్మం దగ్గర నిలబడి క్రీము బన్ను తింటున్నాననీ, మూతి తుడుచుకోవడానికి వేరే జేబురుమాలు పెట్టుకున్నాననీ, అది బల్ల సొరుగులో గ్లోబు వెనక ఉంటుందనీ అడక్కుండానే చెప్పాడు. ఆవిడ ముక్కున వేలేసుకుంది. ఇది పోస్ట్‌మాన్ భార్య ద్వారా బుజ్జమ్మకు చేరింది. అత్తాకోడళ్ళు ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళు పడి నవ్వారు.

మిగతా ఇళ్ళలో పిల్లలు తండ్రుల జేబులు వెతికారు. మాకు లేకుండా ఒక్కరే తిని వచ్చారని అలిగారు. రెండో రోజుకి ఖాతాదార్లు కత్తెరాయన దగ్గరకు వచ్చి, నీ ఫారిన్ లోషన్‌కి ఏమొచ్చిందయ్యా, నన్ను చూసి కేకు తెచ్చాననుకుని మా ఇంట్లో పళ్ళేలు తీస్తున్నారని మొత్తుకున్నారు. జలుబు తగ్గిన కత్తెరాయన బేసిన్ మీద వంగి వాసన చూశాడు. ఇంటికి పరుగెత్తుకొచ్చి బీరువా తెరిచి పువ్వు సీసా వాసన చూశాడు. అదే బిస్కట్ వాసన. తను రోజూ మూత తీసి గాలి తగిలించినందువల్ల సెంటు చెడిపోయిందని తీర్మానించుకున్నాడు. లోకంలో ఇంకెక్కడా లేని సీసా. బుజ్జమ్మ కళ్ళలో పెట్టుకుని చూసుకునే సీసా.

ఆమెతో చెప్పే ధైర్యం లేక, తిన్నగా పిన్ని ఇంటికి వెళ్ళాడు. అప్పటికే బుజ్జమ్మ అక్కడికి ఫోన్ చేసి అంతా చెప్పేసింది.

ఒక స్నేహితుడి సెంటు చెడిపోయిందని మొదలుపెట్టి, మూడో మాటకే అది బుజ్జమ్మ సెంటే అని ఒప్పేసుకున్నాడు. పిన్ని చాలాసేపు గంభీరంగా తల పంకించింది. సెంటు మనిషి ఒంటి వాసనకు లోబడి ఉంటుందనీ, సొంతదారు చేతులకు ఉల్లిపాయ, పోపు, అంట్ల సబ్బు తగిలినకొద్దీ దూరంగా సీసాలో ఉన్న సెంటు కూడా దిగులుపడి చెడుతుందనీ చెప్పింది. ఇన్నేళ్ళు కౌంటరు వెనక నిలబడిన మనిషి కాబట్టి, ఆ మాటలు చదువుకున్నవాళ్ళు చెప్పినట్టే ఉన్నాయి.

"అయితే ఏం చెయ్యాలి అత్తయ్యగారూ?"

"బుజ్జమ్మను వంటింట్లో అడుగు పెట్టనివ్వకు. సెంటు దానంతటదే కోలుకుంటుంది. సీసా మాత్రం ముట్టుకోకు."

మర్నాటినుంచి ఆ ఇంట్లో పొద్దున్నే వంటింట్లో దీపం వెలిగించేవాడు కత్తెరాయన. జుట్టు వెంట్రుకవాసి తేడా లేకుండా కత్తిరించే చేయి, ఉల్లిపాయల మీద మాత్రం ఇష్టం వచ్చినట్టు పోయింది. ఒకరోజు కూరలో ఉప్పు మరిచిపోయాడు. మర్నాడు ఆ అప్పు కూడా కలిపి తీర్చాడు. ఎందుకండీ మీకీ శ్రమ అని బుజ్జమ్మ అడిగితే, నువ్వు రోజంతా నిలబడి పనిచేస్తావు కదా అన్నాడు. ఆమె నవ్వు ఆపుకోవడానికి పెరట్లోకి వెళ్ళాల్సి వచ్చింది. అత్తగారు మాత్రం నిబ్బరంగా కూర్చుని, అంట్లు కూడా నువ్వే తోమితే దాని చేతులకు సబ్బు తగలదు కదరా అని సలహా చెప్పింది. ఆ సబ్బు సంగతి ఆవిడకెలా తెలిసిందో కూడా అతను ఆలోచించలేదు. వినయంగా తోమాడు.

వారం గడిచాక, ఒక పొద్దున బుజ్జమ్మ స్నానం చేసి, వేజలీను రాసుకుని, నల్లసీసాలోంచి చుక్క తీసి అద్దుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. ఉల్లిపాయలు తరుగుతున్న కత్తెరాయన తల ఎత్తాడు. నారింజ తొక్క వాసన. కళ్ళమ్మట నీళ్ళు కారుతుండగానే మొహం వెలిగిపోయింది.

"హమ్మయ్య, బాగుపడింది" అన్నాడు.

"ఏం బాగుపడింది?"

కత్తెరాయన కత్తిపీట పక్కన పెట్టాడు. అటు తల్లిని చూశాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోతోంది. అప్పుడు గానీ అతనికి వెలగలేదు. తను వారం రోజులపాటు ఎంత బుద్ధిగా పప్పులో కాలేశాడో తలచుకుని, సిగ్గుపడుతూనే తనూ నవ్వేశాడు. నవ్వు ఆగాక మొత్తం చెప్పాడు. దగ్గుమందు సీసా, తువ్వాళ్ళు, మలుపులో అద్దాల సెలూన్, మధ్యాహ్నాలు ఖాళీగా ఉంటున్న రెండో కుర్చీ.

బుజ్జమ్మ నవ్వు కూడా ఆగింది. కుర్చీ ఖాళీగా ఉంటోందని ఆమెకు తెలియదు.

"ఒక్క మాట నాతో అంటే ఏం పోయేది? అడిగితే ఇవ్వనా?"

"ఇచ్చేదానివా?"

బుజ్జమ్మ అబద్ధం చెప్పబోయి, ఆలోచించి, నిజమే చెప్పింది.

"ఇచ్చేదాన్ని కాదు. కానీ ఇంకేదైనా చూసేవాళ్ళం కదా."

ఆ ఇంకేదైనా చూసింది పిన్ని. సెలవురోజున సెలూన్‌కు వచ్చి, చేతులు పైకి మడిచి, నిమ్మతొక్కలు, నాలుగు లవంగాలు నీళ్ళలో మరిగించి వడగట్టి చూపింది. ఆ నీళ్ళలో ముంచి పిండిన తువ్వాలు ముందుగా కత్తెరాయన మొహానికే చుట్టింది. మగవాడి మొహానికి తగ్గ వాసన, ఏ ఇల్లాలూ తప్పుపట్టని వాసన అని తేల్చింది. అద్దాల సెలూన్ మూతపడలేదు. వెళ్ళినవాళ్ళందరూ తిరిగి రాలేదు. కొందరు వచ్చారు. రెండో కుర్చీ మధ్యాహ్నాలు కూడా తిరగసాగింది.

అసలు సంగతి ఆడవాళ్ళ మధ్యే వీధంతా తిరిగి, మగవాళ్ళకు మళ్ళీ అన్నం కూరలతో సహా దొరకసాగింది. పోస్ట్‌మాన్ భార్య ఒక సాయంత్రం బుజ్జమ్మ దగ్గరకు వచ్చి, మొహమాటపడుతూ ఒక్క చుక్క అడిగింది. బుజ్జమ్మ నల్లసీసా తెచ్చి ఆవిడ చెవుల వెనక అద్ది, రుద్దుకోవద్దని మరీ మరీ చెప్పింది. ఆ రోజు పోస్ట్‌మాన్ ఇంటికి వచ్చి, సంచీ దింపి, ఏమిటీ వాసన, ఎక్కడికి వెళ్ళావని అడిగాడట. ఆవిడ జవాబు చెప్పకుండా కంచం పెట్టి, రెండు కూరలు వడ్డించి, ఆయన అన్నం తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుని కూనిరాగం తీసిందట.

బుజ్జమ్మ ఇప్పుడు వారానికొకసారి అన్న నియమం పెట్టుకోవడం లేదు. మనసైనప్పుడు పూసుకుంటోంది. అయిపోతే ఎలాగని అత్తగారు అడిగితే, అయిపోయిన రోజున చూద్దాం లెండి అత్తయ్యా అని, దువ్వెన ఆవిడ చేతికిచ్చి, జడ వేయించుకోవడానికి ఆవిడ ముందు పీట వేసుకుని కూర్చుంది.